బొమ్మ కంటే ముందు ధరను, ముద్రను చదవండి: పాత అమెరికా తపాలా బిళ్ళల్లోని చరిత్ర

మీ పెదనాన్నగారు అమెరికాలో ఉన్న రోజుల్లో పోగుచేసిన తపాలా బిళ్ళల ఆల్బమ్ మీ చేతికి వచ్చిందనీ, అందులో అధ్యక్షుల తలలూ కొలంబస్ ఓడలూ తప్ప మరేమీ కనిపించడం లేదనీ రాశారు. వీటి వల్ల నిజంగా చరిత్ర తెలుస్తుందా, లేక ఇవి ఒక ప్రభుత్వం తన గురించి తాను చెప్పుకున్న గొప్పలేనా అని అడిగారు. బొమ్మల మటుకే చూస్తే మీ అనుమానం న్యాయమైనది. అయితే బిళ్ళ మీద ఏ బొమ్మ ఉండాలో ప్రభుత్వం నిర్ణయించినా, దాన్ని కొని అంటించి ఉత్తరం వేసింది మామూలు జనం. ఉద్యోగరీత్యా అమెరికాకు వచ్చి స్థిరపడిన నాటి నుంచి నేను పందొమ్మిదో శతాబ్దపు అమెరికా బిళ్ళలను, వీలైనంతవరకు కవర్లతో సహా, సేకరిస్తున్నాను. ఈ వ్యాసంగంలో నాకు స్థిరపడిన పద్ధతి ఒకటుంది: ముందు ధర చూస్తాను, తరువాత పోస్టాఫీసు ముద్ర చూస్తాను, బొమ్మను ఆఖరున చూస్తాను. ఆ వరుసలో చూస్తే మీ ఆల్బమ్ కూడా మరోలా కనిపిస్తుందని నా నమ్మకం.

ధరతో మొదలుపెడతాను. దేశమంతటా చెల్లే బిళ్ళలను అమెరికా ప్రభుత్వం తొలిసారి విడుదల చేసింది 1847 జులై 1న. 5 సెంట్ల బిళ్ళ మీద బెంజమిన్ ఫ్రాంక్లిన్, 10 సెంట్ల బిళ్ళ మీద జార్జ్ వాషింగ్టన్ ఉంటారు. అర ఔన్సు ఉత్తరం 300 మైళ్ళ లోపు వెళ్ళాలంటే 5 సెంట్లు, ఆపై దూరానికి 10 సెంట్లు. అప్పటికి రుసుము ముందుగా కట్టాలన్న నియమం లేదు. ఉత్తరం రాసినవారు ఊరకే వేసేయవచ్చు, అందుకున్నవారు డబ్బు చెల్లించి విడిపించుకోవాలి. 1851లో ఈ లెక్క మారింది. 3,000 మైళ్ళ వరకు ముందుగా చెల్లిస్తే 3 సెంట్లు, చెల్లించకుండా వేస్తే 5 సెంట్లు అన్నారు. ఆ 2 సెంట్ల తేడాతోనే జనానికి ముందుగా చెల్లించే అలవాటు చేశారు. 1855 ఏప్రిల్ నుంచి ముందస్తు చెల్లింపును, 1856 జనవరి నుంచి బిళ్ళ అంటించడాన్ని తప్పనిసరి చేశారు. బంగారం వెతుక్కుంటూ కాలిఫోర్నియా వెళ్ళినవాళ్ళకు మాత్రం 3 సెంట్ల భాగ్యం దక్కలేదు. తూర్పు తీరంలోని ఇంటికి ఉత్తరం రాయాలంటే 3,000 మైళ్ళు దాటే దూరం కనుక 1851లో 6 సెంట్లు, 1855 నుంచి 10 సెంట్లు పెట్టవలసి వచ్చేది. ఆ ఏడాది వచ్చిన పచ్చని 10 సెంట్ల వాషింగ్టన్ బిళ్ళ ప్రధానంగా ఆ ఉత్తరాల కోసమే పుట్టింది. దూరంతో నిమిత్తం లేకుండా దేశమంతటికీ 3 సెంట్లే అన్న నియమం 1863లో గానీ రాలేదు. సముద్రాల అవతలి ఇంటికి ఏరోగ్రాములు రాసుకున్న తరం వాణ్ణి కావడం చేత, దూరాన్ని బట్టి మనిషి నుంచి వసూలు చేసే సొమ్ము ఎంత బరువో నాకు తెలుసు. ఆ పచ్చని బిళ్ళను చూసినప్పుడు వాషింగ్టన్ ముఖం కంటే ఆ 10 అంకె మీదికే నా దృష్టి పోతుంది.

ఇక అంతర్యుద్ధం. అమెరికా బిళ్ళల్లో ఇంతకు మించి లోతున్న ఘట్టం నాకు మరొకటి తెలియదు. 1861లో దక్షిణాది రాష్ట్రాలు విడిపోయేటప్పటికి అక్కడి పోస్టాఫీసుల్లో కేంద్ర ప్రభుత్వపు బిళ్ళలు పెద్ద ఎత్తున నిల్వ ఉన్నాయి. వాటిని ఉత్తరాదికి చేరవేసి సొమ్ము చేసుకుంటే ఆ డబ్బు తిరుగుబాటుదారులకు పోతుంది. అందుకని తపాలా శాఖ అధిపతి అయిన పోస్ట్‌మాస్టర్ జనరల్ మాంట్‌గొమరీ బ్లెయిర్ ఆ వేసవిలోనే కొత్త నమూనా బిళ్ళలు అచ్చు వేయించి, పాతవి చెల్లవని ప్రకటించాడు. జనం తమ దగ్గరున్న పాత బిళ్ళలను మార్చుకోవడానికి ఒక్కో ఊళ్ళో కొద్ది రోజుల గడువు మాత్రమే ఇచ్చారు. మీరు ఫోటో పంపిన కవరు మీది గులాబి రంగు 3 సెంట్ల వాషింగ్టన్ ఆ కొత్త వరుసలోనిదే. అది అందం కోసం మార్చిన నమూనా కాదు, యుద్ధ అవసరం కోసం మార్చినది.

అవతలి పక్షం ఏం చేసిందో కూడా చూడాలి. దక్షిణాది సమాఖ్య తన తపాలా శాఖను టెక్సస్‌కు చెందిన జాన్ రీగన్ చేతిలో పెట్టింది. ఆ శాఖ తన ఖర్చు తానే భరించుకోవాలని, 1863 మార్చి నుంచి ఖజానా మీద ఆధారపడరాదని వాళ్ళ రాజ్యాంగమే విధించింది. ఫలితం బిళ్ళల మీద అచ్చయి ఉంది. మొదట 500 మైళ్ళ లోపు 5 సెంట్లు, ఆపై 10 సెంట్లు వసూలు చేసి, 1862 జులై నుంచి దూరమేదైనా 10 సెంట్లు చేశారు. ఉత్తరాది తల్లి 3 సెంట్లతో కొడుక్కి ఉత్తరం రాయగలిగిన కాలంలో దక్షిణాది తల్లి 10 సెంట్లు పెట్టాలి, అదీ నానాటికీ విలువ కోల్పోతున్న కాగితపు డబ్బుతో. కాగితం కరవై గోడలకు అంటించే రంగుల కాగితాన్ని కత్తిరించి కవర్లు చేసుకున్నారు. వచ్చిన కవరునే విప్పి, లోపలి వైపు పైకి తిప్పి, మళ్ళీ వాడారు. యుద్ధంలో ఎవరి ఆర్థిక స్థితి ఎలా కుంగిపోయిందో చెప్పడానికి ఇంతకంటే నమ్మకమైన సాక్ష్యం నాకు కనిపించలేదు.

ఇప్పుడు బొమ్మల సంగతి. దక్షిణాది తన తొలి బిళ్ళ మీద 1861 అక్టోబరులో తమ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌ను, ఆయన బతికి ఉండగానే, వేసుకుంది. కానీ ఆ తరువాత వాళ్ళ బిళ్ళల మీదికి వచ్చినవారు థామస్ జెఫర్సన్, ఆండ్రూ జాక్సన్, జార్జ్ వాషింగ్టన్. 1863లో ఉత్తరాది ప్రభుత్వం నల్లని సిరాతో 2 సెంట్ల జాక్సన్ బిళ్ళ తెచ్చింది. అదే ఏడు దక్షిణాది కూడా 2 సెంట్ల బిళ్ళ మీద జాక్సన్‌నే వేసింది. 1832లో కేంద్ర చట్టాన్ని తమ రాష్ట్రంలో చెల్లనివ్వబోమన్న దక్షిణ కరొలైనాను సైన్యంతోనైనా దారికి తెస్తానని హెచ్చరించిన అధ్యక్షుడు ఈ జాక్సనే. దేశాన్ని చీల్చుకుని, ఒకరినొకరు చంపుకుంటున్న రెండు పక్షాలూ ఒకే పూర్వీకుణ్ణి తమవాడన్నాయి. చరిత్రలోని మహాపురుషులు ఎవరి పక్షాన ఉండేవారన్న వాదన ఎక్కడ విన్నా నాకు ఈ రెండు జాక్సన్ బిళ్ళలు గుర్తుకొస్తాయి. వాటిని నా ఆల్బమ్‌లో ఒకే పుటలో పక్కపక్కనే పెట్టుకున్నాను.

ఆ యుద్ధానికి చెందిన ఒక కవరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. గోధుమ రంగు చిన్న కవరు, ఒక పక్క తొందరగా చింపి తెరిచిన అంచు. దాని మీద బిళ్ళ లేదు. పై మూలన ‘సోల్జర్స్ లెటర్’ అని సిరాతో రాసి, కింద రెజిమెంటు పేరు వేసి, ఒక అధికారి సంతకం చేశాడు. ఎడమవైపు టెనెసీలోని నాష్‌విల్ ముద్ర, పక్కన ‘డ్యూ 3’ అన్న చిన్న నల్ల ముద్ర. చిరునామా ఒహాయోలోని ఒక పల్లెలో ఉన్న స్త్రీది. 1861 జులైలో చేసిన చట్టం ప్రకారం ఉత్తరాది సైనికుడు అధికారి ధ్రువీకరణతో బిళ్ళ లేకుండా ఉత్తరం వేయవచ్చు, అందుకున్నవారు అదనపు జరిమానా లేకుండా 3 సెంట్లు కట్టి తీసుకోవచ్చు. శిబిరాల్లో బిళ్ళలు దొరకడం కష్టం, దొరికినా తేమకు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. ఆ నాష్‌విల్ ముద్రను గమనించండి. టెనెసీ విడిపోయిన రాష్ట్రం, కానీ 1862 ఫిబ్రవరిలో ఆ నగరం ఉత్తరాది సైన్యం వశమైంది, దాని వెనకే వాషింగ్టన్ ప్రభుత్వపు పోస్టాఫీసు మళ్ళీ తెరుచుకుంది. పాఠ్యపుస్తకంలో యుద్ధరేఖ ఎక్కడిదాకా వచ్చిందో పటం గీసి చూపిస్తారు. నా దగ్గర ఆ రేఖ ఒక వేలెడు ముద్రలో ఉంది. లోపలి ఉత్తరం పోయింది, అందులో ఏముందో తెలిసే మార్గం లేదు. కానీ ఒక స్త్రీ ఆ పల్లె పోస్టాఫీసులో 3 సెంట్లు లెక్కపెట్టి ఇచ్చి దీన్ని తీసుకుందని మాత్రం తెలుసు.

యుద్ధంలోనే జరిగిన మరో సంగతి క్లుప్తంగా చెబుతాను. 1862లో జనం భయంతో బంగారు, వెండి నాణేలన్నీ దాచుకోగా చిల్లర పూర్తిగా కరవైంది. కొట్లలో తపాలా బిళ్ళలే చిల్లరగా మారాయి. జిగురు వల్ల అవి చేతులకు అంటుకుని పాడవుతుంటే జాన్ గాల్ట్ అనే వ్యాపారి వాటిని ఇత్తడి బిళ్ళలో బిగించి, పైన అభ్రకపు పలకతో మూసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ జులైలో చేసిన చట్టంతో ప్రభుత్వం తపాలా బిళ్ళల బొమ్మలతోనే చిన్న నోట్లు కూడా అచ్చు వేసింది. డబ్బు అంటే నమ్మకమేనని అర్థశాస్త్రం చెబుతుంది. ఆ వేసవిలో అమెరికా ప్రజలు తమ ఖజానా కంటే తమ పోస్టాఫీసును ఎక్కువ నమ్మారు.

లింకన్ హత్య తరువాత ఏడాదికి, 1866లో, నల్లని 15 సెంట్ల లింకన్ బిళ్ళ వచ్చింది. సేకరించేవారు దీన్ని సంతాప సూచకమైన బిళ్ళగా చెబుతారు. ధర చూస్తే మరో సంగతి తెలుస్తుంది. దేశం లోపల ఉత్తరానికి 3 సెంట్లే చాలు. ఫ్రాన్సుకు వెళ్ళే పావు ఔన్సు ఉత్తరానికి అప్పటి రుసుము సరిగ్గా 15 సెంట్లు. అందుకే కవర్ల మీద ఈ లింకన్ తరచుగా పారిస్ వైపు ప్రయాణిస్తూ కనిపిస్తాడు. ఆయన కోసం విలపించిన మామూలు మనిషి ఇంటికి వచ్చే ఉత్తరం మీద మాత్రం అప్పుడప్పుడే కనిపించి ఉంటాడు.

1869లో తొలిసారిగా కొన్ని బిళ్ళల మీద తలలు వదిలి దృశ్యాలు వేశారు. వార్తాహరుడి గుర్రం, ఓడ, 3 సెంట్ల బిళ్ళ మీద రైలు ఇంజను. ఆ మే 10న యూటాలోని ప్రోమోంటరీ దగ్గర తూర్పు, పడమరల రైలు మార్గాలు కలిశాయి గనుక ఇంజను బొమ్మ సమయానికి తగినదే. జనానికి మాత్రం ఆ బిళ్ళలు నచ్చలేదు. చిన్నవనీ, జాతి గౌరవానికి తగవనీ విమర్శలు వచ్చి, సుమారు ఏడాదికే తలలు తిరిగి వచ్చాయి. ఆ మార్గం పడమటి భాగాన్ని కొండలు తొలిచి వేసిన వేలాది చైనా కార్మికుల జాడ ఆ బిళ్ళల మీద ఎక్కడా లేదు. 1882లో చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టమే చేశారు. వలస వచ్చిన ఆసియావాడిగా ఆ 3 సెంట్ల ఇంజనును నేను ఈ సంగతి మరిచిపోయి చూడలేను.

మీరు ప్రత్యేకంగా అడిగిన ఊదా గోధుమ రంగు 2 సెంట్ల కొలంబస్ బిళ్ళ 1893 నాటిది. షికాగోలో జరిగిన కొలంబస్ ప్రదర్శన సందర్భంగా, ఫిలడెల్ఫియా వ్యాపారి అయిన పోస్ట్‌మాస్టర్ జనరల్ జాన్ వానమేకర్ ఈ వరుసను తెచ్చాడు. 1 సెంటు నుంచి 5 డాలర్ల దాకా మొత్తం 16 బిళ్ళలు, అన్నీ కొంటే 16 డాలర్ల 34 సెంట్లు. 5 డాలర్ల బిళ్ళతో అవసరం పడే ఉత్తరాలు దాదాపు లేవు, అది సేకరించేవారి జేబు మీద గురి పెట్టినదేనని అప్పుడే విమర్శలొచ్చాయి. ఆ ఏడాదే దేశం ఘోరమైన ఆర్థిక సంక్షోభంలో పడింది. మీ 2 సెంట్ల బిళ్ళ విలువ గురించి ఆశ పెట్టుకోకండి, అవి 140 కోట్లకు పైగా అచ్చయ్యాయి. కానీ దాన్ని 1 సెంటు బిళ్ళ పక్కన పెట్టి భూతద్దంతో చూడండి. 1 సెంటు బిళ్ళలో కొలంబస్ ఓడ మీద నుంచి నేలను చూస్తున్నాడు, ముఖాన గడ్డం లేదు. 2 సెంట్ల బిళ్ళలో ఆ నేల మీద అడుగు పెట్టాడు, అప్పటికే నిండు గడ్డం ఉంది. రెండు వేర్వేరు చిత్రాలను తెచ్చి చెక్కడం వల్ల వచ్చిన తేడా ఇది. ఆయన అసలు రూపం ఎవరికీ తెలియకపోయినా, జాతి తన పుట్టుక కథకు ఒక ముఖం కావాలనుకుంది.

అదే 1 సెంటు బిళ్ళలో మధ్య దృశ్యానికి ఇరువైపులా చూడండి. ఒక పక్క బిడ్డతో ఆదివాసీ స్త్రీ, మరో పక్క ఈకల తలపాగాతో ఆదివాసీ పురుషుడు కూర్చుని ఉంటారు. వాళ్ళు కథలో లేరు, కథ చుట్టూ ఉన్న అలంకారంలో ఉన్నారు. దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా తెగ ఆదివాసీలను, స్త్రీలు పిల్లలని చూడకుండా, కాల్చి చంపింది 1890 డిసెంబరు 29న. ఈ బిళ్ళ అమ్మకానికి వచ్చింది సరిగ్గా రెండేళ్ళకు, 1893 జనవరి మొదట్లో. 1898లో ఒమాహా ప్రదర్శన కోసం తెచ్చిన వరుసలో 4 సెంట్ల బిళ్ళ మీద గుర్రమెక్కి అడవిదున్నను వేటాడుతున్న ఆదివాసీ కనిపిస్తాడు. అప్పటికి ఆ మైదానాల్లో అడవిదున్నలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, వేటగాళ్ళు రిజర్వేషన్లలో ప్రభుత్వం ఇచ్చే రేషను మీద బతుకుతున్నారు. ఒక జీవన విధానాన్ని అంతం చేశాకే దాని బొమ్మను అచ్చు వేయడానికి ప్రభుత్వానికి మనసొప్పింది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసేది ఈ వరుసే. ఇంత చక్కని చెక్కుడు పనిని మెచ్చుకోకుండా ఉండలేను, అది ఏ కాలంలో చెక్కారో తలచుకోకుండానూ ఉండలేను.

నల్లజాతివారి విషయంలో మౌనం ఇంకా పొడుగు. 1802 నాటి చట్టం స్వేచ్ఛ గల తెల్లవాడు తప్ప మరెవరూ తపాలా మోయరాదని నిషేధించింది. ఊరూరా తిరిగే నల్లజాతి మనిషి సమాచారాన్నీ, స్వేచ్ఛ అనే ఊహనీ కూడా మోసుకుపోతాడన్న భయం ఆ చట్టం వెనక ఉంది. దాన్ని 1865 మార్చిలో ఎత్తివేశారు. బిళ్ళ మీదికి ఒక నల్లజాతి వ్యక్తి రావడానికి మరో 75 ఏళ్ళు పట్టింది. బానిసగా పుట్టి విద్యావేత్తగా ఎదిగిన బుకర్ టి. వాషింగ్టన్ బిళ్ళను 1940 ఏప్రిల్ 7న, ఆయన నడిపిన అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థలో విడుదల చేశారు. ఇక్కడా ధర చూడాలి. ఐదుగురు విద్యావేత్తల వరుసలో ఆయనకు దక్కినది 10 సెంట్ల బిళ్ళ. మామూలు ఉత్తరానికి 3 సెంట్లు కనుక ఆయన ముఖం చాలా ఇళ్ళ గడప తొక్కనే లేదు.

ఆల్బమ్‌లో పార్సెల్ పోస్టు పుట ఉంటే దాన్ని దాటవేయవద్దు. 1913 జనవరి 1న ఆ సేవ మొదలైనప్పుడు ఒకే ఎర్ర రంగులో 12 బిళ్ళలు తెచ్చారు. మొదటి నాలుగింటి మీద పోస్టాఫీసు గుమాస్తా, పట్టణపు పోస్టుమ్యాన్, రైల్లో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి, బండిలో పల్లెలు తిరిగే పోస్టుమ్యాన్ ఉంటారు. పేరు లేని శ్రామికులకు బిళ్ళ మీద చోటు దొరకడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. రంగులు ఒకటే కావడంతో గుమాస్తాలు ధరలు పోల్చుకోలేక ఇబ్బంది పడ్డారు, ఆ జులై నుంచి మామూలు బిళ్ళలతోనే పార్సెళ్ళు పంపనిచ్చారు.

మన దేశానికి నేరుగా సంబంధించిన బిళ్ళ కూడా మీ ఆల్బమ్‌లో ఉండి ఉండాలి. 1961 జనవరి 26న, మన గణతంత్ర దినాన, అమెరికా గాంధీజీ బొమ్మతో 4, 8 సెంట్ల బిళ్ళలు విడుదల చేసింది. 1957లో మొదలైన స్వాతంత్ర్య యోధుల శ్రేణిలో ఇవే ఆఖరివి. 4 సెంట్లు అంటే అప్పటి మామూలు ఉత్తరం ధర, కాబట్టి ఈ ముఖం అన్ని ఇళ్ళకూ వెళ్ళగలిగింది. అంతకు ఏడాది ముందే ఉత్తర కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో నల్లజాతి విద్యార్థులు తెల్లవారికే కేటాయించిన భోజనపు బల్ల దగ్గర కూర్చుని శాంతియుత నిరసన మొదలుపెట్టారు. 1959లో భారతదేశం వచ్చి వెళ్ళిన మార్టిన్ లూథర్ కింగ్ గాంధీజీ మార్గాన్ని బహిరంగంగా తనదిగా చెప్పుకున్నాడు. విదేశీ సత్యాగ్రహిని గౌరవించిన ప్రభుత్వం తన గడ్డ మీది సత్యాగ్రహికి బిళ్ళ ఇచ్చింది 1979లో. దక్షిణాది ఊళ్ళ ముద్ర, 1961 తేదీ ఉన్న గాంధీ కవరు కనిపిస్తే నేను ధర ఎంతైనా వదలను. వాటి మార్కెట్ ధర నిజానికి చాలా తక్కువ.

ఇక మీరు చేయవలసిన పని. గులాబి రంగు వాషింగ్టన్ ఉన్న కవరు నుంచి బిళ్ళను నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి. ఊడదీస్తే మిగిలేది చిన్న కాగితపు ముక్క, చరిత్ర అంతా కవరుతో పోతుంది. ఆనాటి ముద్రల్లో చాలావాటిలో నెల, తేదీ ఉంటాయే గాని సంవత్సరం ఉండదు. అందుకే బిళ్ళ రంగు ఛాయ, రుసుము, ముద్ర ఆకారం కలిపి ఏడాదిని అంచనా వేయాలి. చిరునామాలోని పేరు, కౌంటీ (మన జిల్లా వంటిది) స్పష్టంగా చదవగలిగితే 1860, 1870 జనాభా లెక్కల పుస్తకాల్లో ఆ కుటుంబాన్ని వెతకండి. అవి ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి, వృత్తి, వయసు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో తెలుస్తుంది. కొలంబస్ బిళ్ళ కూడా కవరు మీదే ఉంటే దాని చిరునామాను 1900 లెక్కల్లో చూడండి, ఎందుకంటే 1890 లెక్కల్లో అత్యధిక భాగం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిని, మిగలకుండా పోయింది. కవరు వెనక వైపు ఫోటో కూడా పంపండి. అక్కడ చేరిన ఊరి ముద్ర ఏదైనా ఉంటే ఎన్ని రోజుల్లో చేరిందో లెక్క కట్టి, ఏ దారిన వెళ్ళి ఉంటుందో నాకు తెలిసినంతవరకు చెబుతాను.